ఇంకా అరవై పేజీలు

జూన్ 9, సోమవారం

మా పిల్ల ఫోన్ మోగింది ఇవాళ. ఛార్జింగ్ పెట్టి ఉంచుతున్నాను, ఎందుకో నాకే తెలీదు.  ఎత్తాను.

"కందిరీగ గారేనా?" అంది ఒక ఆడగొంతు, నవ్వుతూ.

చిన్నప్పుడు మా ఆయన పెట్టిన పేరది. నోరు తెరిస్తే కుట్టినట్టే ఉండేది దాని మాట. బయట కూడా ఆ పేరుతో చలామణి అవుతోందని నాకు తెలీదు.

"వాళ్ళమ్మని" అన్నాను.

"నమస్తే అమ్మా. లైబ్రరీ నుంచి మాట్లాడుతున్నాను. మీ అమ్మాయి దగ్గర మూడు పుస్తకాలుండిపోయాయి. రెండు నెలలవుతోంది. ఎప్పుడూ ఇంత ఆలస్యం చెయ్యదే. ఎలా ఉంది?"

"బాగానే ఉంది" అన్నాను.

ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే నోట్లోంచి వచ్చే మాట అదే కదా. వచ్చేసింది. వెనక్కి తీసుకుందామని నోరు తెరిచేలోపు ఆవిడ, "సరే, వీలు చూసుకుని శనివారం తెచ్చిమ్మనండి. చీటీలు మరిచిపోవద్దనండి" అని పెట్టేసింది.

ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు.

జూన్ 10, మంగళవారం

ఈ నోటుబుక్కు పెద్దక్క ఇచ్చింది. లాండ్రీలో నాతోపాటు దుప్పట్లు మడతపెట్టే మనిషి, నాకంటే పదేళ్ళు పెద్దది. ఆసుపత్రుల దుప్పట్లూ లాడ్జీల దుప్పట్లూ మా దగ్గరికే వస్తాయి. పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి. చెరో కొసా పట్టుకుని దులపాలి, దగ్గరికొచ్చి కొసలు కలపాలి, మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. రోజుకి కొన్ని వందలసార్లు పెద్దక్క మొహం నా మొహం దగ్గరికొస్తుంది. దాచుకోవడానికి ఇంకేముంటుంది.

"చెల్లీ, నాతో చెప్పవు, మీ ఆయనతో చెప్పవు. కడుపులో పెట్టుకుంటే కుళ్ళిపోతుంది. కాగితం మీద పెట్టు."

"నాకేం చదువొచ్చక్కా, ఐదో క్లాసు."

"కూతురు పోయిందని ఏడవడానికి డిగ్రీ కావాలా?"

అనేసి తనే నాలిక కరుచుకుంది. మిషన్ ఆవిరి కొట్టినట్టు మొహం తుడుచుకుంది. నేను దుప్పటి కొస వదల్లేదు.

జూన్ 12, గురువారం

పుస్తకాలు రెండు దొరికాయి. దాని మంచం పక్కన కుర్చీ మీదే ఉన్నాయి. ఒకదాని అట్ట మీద గొడుగు బొమ్మ, ఇంకోదాని మీద కొమ్ముల జింక.

మూడోది మెట్ల బొమ్మది. కనబడలేదు. వెతకాలి.

జూన్ 14, శనివారం

శనివారం మాకు ఒంటిపూట పని. అటునుంచటే లైబ్రరీకి వెళ్ళాను. బస్ డిపో పక్క సందులో ఒకే ఒక పెద్ద గది. చుట్టూ బీరువాలు, మధ్యలో పొడుగాటి బల్ల, కిటికీ దగ్గర మేడమ్ కుర్చీ. మేడమ్‌కి అరవై ఉంటాయి. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ముందర గిన్నెలో జిగురు, అందులో కుంచె.

నిజం చెప్పి పుస్తకాలు బల్ల మీద పెట్టేసి వచ్చేద్దామనే వెళ్ళాను. దారంతా ఆ ఒక్క ముక్కే అనుకుంటూ నడిచాను.

"కందిరీగ వాళ్ళమ్మగారా! కూర్చోండమ్మా, కూర్చోండి. అదే ముక్కు" అంది మేడమ్.

అదే ముక్కట. ఆ మాటతో నేననుకుంటూ వచ్చిన ముక్క గొంతులోనే ఉండిపోయింది.

"ఒంట్లో నలతగా ఉంది దానికి. అందుకే నేనొచ్చాను" అన్నాను.

"అయ్యో. జ్వరమా?"

"తలనొప్పి."

పుస్తకాలు తీసుకుని చివరి అట్ట తిప్పి చూసింది. వెంటనే నా వైపు తోసేసింది. "చీటీలేవమ్మా? చీటీ లేకుండా నేను తీసుకోను. ఈ రూలు పెట్టించింది మీ అమ్మాయే తెలుసా! చదివి నోరు మూసుకుని ఇచ్చేస్తే ఎలాగండీ, బాగుందో లేదో వెనకొచ్చేవాళ్ళకి తెలియొద్దా అని నా ప్రాణం తీసి పెట్టించింది."

వాళ్ళ పద్ధతి ఏమిటంటే, పుస్తకం చదివినవాళ్ళు అభిప్రాయం ఒక చీటీ మీద రాసివ్వాలి. మేడమ్ దాన్ని చివరి అట్ట లోపల అంటిస్తుంది. తర్వాత చదివినవాళ్ళు దాని కింద రాస్తారు. ముందే చీటీ చదవడం మర్యాద కాదట.

బీరువాలోంచి ఒక పుస్తకం తీసి చూపించింది. మా పిల్ల అక్షరాలు. కుడి వైపుకి వాలిపోయి, బస్సు అందుకోవడానికి పరిగెత్తుతున్నట్టు.

"హీరో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఆ కిటికీ తలుపెవరైనా వేసేసి ఉంటే నవల పదో పేజీలో అయిపోయేది. – కందిరీగ"

దాని కింద వేరే రాత: "కిటికీ వేసేస్తే గాలాడదు తల్లీ. నాకు నచ్చింది. – ఏడో నంబరు"

ఇంకోటి: "హంతకుడెవరో నలభయ్యో పేజీలోనే తెలిసిపోయింది. మిగతా రెండొందల పేజీలూ నేనూ వాడూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. – కందిరీగ"

పనిచేసే చెప్పుల షాపులో స్టూలు మీద కూర్చుని, ఒక గిరాకీ వెళ్ళి ఇంకో గిరాకీ వచ్చేలోపు చదువుకునేది అని తెలుసు. ఇలా రాసేదని తెలీదు. ఇంట్లో నేనొక్కసారైనా అడిగితే కదా, ఏం చదువుతున్నావే అని. ఆ దీపం కట్టెయ్, కళ్ళు పోతాయి అనడమే తప్ప.

"రాసి పంపిస్తుంది" అన్నాను మేడమ్‌తో. "మెట్ల బొమ్మది ఇంకా చదువుతోంది."

రెండు పుస్తకాలూ మళ్ళీ సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

జూన్ 15, ఆదివారం

"ఇచ్చేశావా?" అన్నాడు మా ఆయన.

"చీటీలు రాయాలట."

"ఎవరు రాయాలట?"

వంటింట్లోకి వెళ్ళాను. ఆయన పనిముట్ల పెట్టె సర్దుకుంటూ కూర్చున్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. మే నెల నుంచీ ఆదివారాలు కూడా ఆ పెట్టె సర్దుతూనే ఉన్నాడు.

జూన్ 18, బుధవారం

గొడుగు బొమ్మది చదువుతున్నాను. ప్రేమ కథ. వేలు పెట్టుకుని చదవాలి నేను, లేకపోతే వరస తప్పిపోతుంది.

ఇళ్ళ బ్రోకరు పొరపాటున ఒకే ఇల్లు ఒక అబ్బాయికీ ఒక అమ్మాయికీ అద్దెకిచ్చేస్తాడు. ఇద్దరూ ఖాళీ చెయ్యరు. ముందు గది వాడిది, వెనక గది ఆమెది. పోట్లాటలు. ముప్ఫయ్యో పేజీలోనే వాడికి ఆమె మీద మనసైంది, ఆమెకి కూడా. చెప్పరు.

మధ్యాహ్నం తిన్నాక పెద్దక్కకి పైకి చదివి వినిపిస్తున్నాను.

"ఇంకా చెప్పలేదా వాడు?"

"లేదక్కా."

"ఎన్నో పేజీ?"

"నూట నలభై."

"మూగవాడేమో చూడవే, మొదట్లో ఎక్కడో రాసుంటారు, నువ్వు దాటేసుంటావ్."

నవ్వొచ్చింది. నవ్వాక భయమేసింది.

"ఇంతకీ ఎవరికోసం చదువుతున్నావే చెల్లీ?" అంది.

"లైబ్రరీలో ఇచ్చెయ్యాలి కదక్కా."

పెద్దక్క దుప్పటి కొస అందించింది.

జూన్ 20, శుక్రవారం

అయిపోయింది. రెండువందల ఐదో పేజీలో చెప్పాడు. ఆమె ఏడ్చింది, వాడూ ఏడ్చాడు, వానొచ్చింది.

నా అభిప్రాయం. వానలో ఆ పిల్ల తెల్ల బట్టలతో ఎర్రమట్టిలో కూలబడింది. వాడు లేవదీశాడు. తర్వాతి పేజీలో అవే బట్టలతో వాళ్ళమ్మగారింటికి వెళ్ళింది. వాళ్ళమ్మ "ఎంత తెల్లగా మెరిసిపోతున్నావే" అంటుంది. ఎర్రమట్టి మరక అలా పోదు. చల్లనీళ్ళలో నానబెట్టి, సబ్బు రాసి, ఆరకుండా మూడుసార్లు రుద్దాలి. అప్పటికీ అంచుల్లో ఉంటుంది. ఇరవయ్యేళ్ళుగా ఉతుకుతున్నాను, నాకు తెలీదా.

ఇంకోటి. చెప్పొచ్చు కదా. పక్కపక్క గదుల్లో ఉన్నారు, తలుపు కొట్టి చెప్పొచ్చు కదా. రేపు చెబుదాంలే, రేపు చెబుదాంలే అని రెండొందల పేజీలు. రేపు ఉంటుందని వాళ్ళకెవరు చెప్పారు. నవల కాబట్టి ఉంది.

జూన్ 21, శనివారం

చీటీ ఇచ్చాను. మట్టి మరక సంగతే రాశాను, రెండోది రాయలేదు. కింద "కందిరీగ" అని రాశాను. 

"ఇది మీ అమ్మాయి రాతలా లేదే?" అంది మేడమ్.

"కళ్ళు లాగుతున్నాయట. తను చెప్పింది, నేను రాశాను."

మేడమ్ చదివి, జిగురు గిన్నె ఒలికేలా నవ్వింది. "మరక గురించి ఎవరు పట్టించుకుంటారమ్మా! ఇది కందిరీగకే తట్టాలి" అంది.

ఇంటికొచ్చేదాకా ఆ మాట నా పక్కనే నడిచింది. కందిరీగకే తట్టాలి. అంటే అది ఇవాళ ఒక మాట అంది. ఒక మనిషి నవ్వింది. పోయినవాళ్ళ మాటకి ఎవరైనా కొత్తగా నవ్వుతారా? బతికున్నవాళ్ళ మాటకే కదా.

ఈ ఊళ్ళో ఆ ఒక్క గదిలో అది బతికుంది.

జూన్ 28, శనివారం

గొడుగు పుస్తకాన్ని ఏడో నంబరు అప్పుడే చదివేసిందో చదివేశాడో గానీ, నా చీటీ కింద రాసి ఉంది: "మరకేమైందని అడిగావు, మంచి మాట. కానీ తల్లీ, నువ్వు మెత్తబడ్డావు. ఒంట్లో బాగోలేదని మేడమ్ చెప్పింది. త్వరగా లే. నువ్వు కుట్టకపోతే నాకు తోచదు. మెట్ల బొమ్మ పుస్తకం నీ తర్వాత నాకే. నిదానంగా చదువు, నేను ఆగుతాను. – ఏడో నంబరు"

నాలుగుసార్లు చదివాను అక్కడే నిలబడి.

జూలై 3, గురువారం

జింక బొమ్మది అయిపోయింది. మాయలూ మంత్రాల కథ. ఒక రాజ్యం. రాజుగారి కొడుకు చచ్చిపోతే, వాడి అక్క భూమి కింద నదికి వెళ్ళి వాణ్ణి వెనక్కి తెచ్చుకుంటుంది. ఆ నదిని కాపలా కాసేది కొమ్ముల జింక. దానికో షరతు. పోయినవాళ్ళని తీసుకుపోవచ్చు, కానీ వాళ్ళ గురించి నీకు గుర్తున్నదంతా నదిలో వదిలేసి పోవాలి. అక్క వదిలేస్తుంది. ఇద్దరూ పైకి వస్తారు. కోట గుమ్మంలో ఆమె తమ్ముడికేసి చూసి, "నువ్వెవరు బాబూ?" అంటుంది.

మొదట కోపమొచ్చింది. ఇంత సులువా, నదికి పోయి తెచ్చుకోవడం? మేమూ వెళ్ళాం. ఆసుపత్రి రెండో అంతస్తులో ఇనప తలుపు బయట పదకొండు రోజులు కూర్చున్నాం. మాకే జింకా కనబడి ఏ షరతూ పెట్టలేదు. డాక్టరు వచ్చి "చూద్దాం" అనేవాడు, అంతే.

పుస్తకం మూసి పడేసి, గిన్నెలు తోముతూ మళ్ళీ ఆలోచించాను. నన్నడిగితే ఇచ్చేదాన్నా? దాని పాలపళ్ళు, దాని వాలు అక్షరాలు, చెప్పుల షాపు నుంచి వస్తూ గుమ్మంలో "అమ్మా, కాళ్ళు" అని కూలబడటం, ఇవన్నీ?

ఇవ్వను అనుకున్నాను. ఇవి తప్ప నాకేమున్నాయి.

గిన్నెలన్నీ బోర్లించేసరికి మాట మార్చుకున్నాను. ఇస్తాను. అన్నీ ఇస్తాను. బస్సులో ఎవరో పిల్ల కిటికీ పక్కన కూర్చుని పుస్తకం చదువుకుంటూ ఉంటుంది. నేనెక్కుతాను. ఆ పిల్ల తలెత్తదు. నాకూ ఎవరో తెలీదు. జరుగమ్మా అని పక్కన కూర్చుంటాను. నా స్టాపు రాగానే దిగిపోతాను. అంతే. చాలు నాకది.

చీటీ మీద ఇలా రాశాను: "అక్క మంచి బేరం చేసింది. ఏడవాల్సిన పని లేదు. – కందిరీగ"

జూలై 5, శనివారం

మేడమ్ చీటీ అంటిస్తుంటే, ఖాకీ బట్టల్లో ఒకాయన లోపలికొచ్చాడు. భుజానికి టికెట్ల సంచి, గుబురు మీసాలు. సినిమాలో విలన్‌లా ఉన్నాడు.

"వచ్చాడమ్మా మీ అమ్మాయి శత్రువు" అంది మేడమ్.

ఏడో నంబరు అంటే ఏడో నంబరు బస్సు కండక్టరట.  ఇద్దరూ ఒక్కసారి కూడా కలుసుకోలేదట. ఆయన డ్యూటీ దిగే వేళకి ఇది షాపులో ఉండేది.

"అమ్మా, మీరేనా వాళ్ళమ్మగారు! దండాలు. ఎలా ఉందండీ అమ్మాయిగారికి? నన్ను మీసాలు తిప్పుకుంటూ ప్రేమ కథలు చదివే ముసలి పంతులనుకుంటోందట కదా, మేడమ్ చెప్పింది. చెప్పండి, మీసాల వరకు కరెక్టేనని."

"చెబుతాను."

"మెట్ల బొమ్మది ఎందాకా వచ్చింది?"

"ఇంకో అరవై పేజీలున్నాయి."

"అబ్బ! అసలు ముడి విడేది అక్కడే. ఒక్క మాట మాత్రం చెప్పండమ్మా. ముందే అయిపోయింది కదాని హంతకుడెవరో మేడమ్‌కి చెప్పిందనుకోండి, ఈవిడ కడుపులో మాట దాగదు, నాకు చెప్పేస్తుంది. చెప్పొద్దనండి."

"చెప్పదులెండి" అన్నాను.

జూలై 6, ఆదివారం

మెట్ల బొమ్మ పుస్తకం కోసం ఇల్లంతా వెతికాను. కనబడలేదు.

జూలై 9, బుధవారం

ఎవరూ చూడని నోటుబుక్కులో కూడా అబద్ధం రాస్తున్నాను. నేను వెతకలేదు. ఎక్కడుందో నాకు తెలుసు. చిరుగు దుప్పట్ల పెట్టెలో, అడుగున, పసుప్పచ్చ దుప్పటి మడతలో ఉంది. నేనే పెట్టాను.

ఏప్రిల్‌లో మొదలైంది తలనొప్పి. పొద్దస్తమానం పుస్తకంలో తల పెడితే రాక ఏమవుతుంది అన్నాను. లాండ్రీ నుంచి వచ్చేసరికి దీపం కింద కళ్ళు చికిలించి చదువుతోంది. ఒళ్ళు మండింది. చేతిలోంచి లాగేసుకున్నాను.

"అమ్మా, అరవై పేజీలే. ఒక్క అరవై. ఇది చదివాక నెల రోజులు ముట్టుకోను."

"తల తగ్గాక చదువుదువుగాని."

మర్నాడు షాపుకెళ్ళింది చూసి దాచేశాను. మే మొదటి వారంలో ఆసుపత్రిలో చేర్చాం. అప్పటికి కూడా, పదిరోజులు పుస్తకం లేకపోతే అదే సర్దుకుంటుందని నేను నర్సుతో అన్నాను. నర్సు నా వైపు అదోలా చూసింది.

ఇనప తలుపులోకి తీసుకెళ్ళే ముందు రోజు, "అమ్మా, ఆ మెట్ల బొమ్మ పుస్తకం తెచ్చిపెట్టవా? నువ్వు చదువు, నేను కళ్ళు మూసుకుని వింటాను" అంది.

నాకు చదవడానికి సిగ్గేసింది. చుట్టూ మంచాలు, మనుషులు. తడుముకుంటూ చదివితే నవ్వుతారని.

"లైబ్రరీలో ఇచ్చేశాను" అన్నాను.

అది నాకేసి చూసింది. కోప్పడలేదు. కోప్పడితే బావుణ్ణు. "పోనీలే. ఆ కథలో మేనకోడలే మెట్ల మీంచి తోసుంటుంది, నాకు తెలుసులే" అని అటు తిరిగి పడుకుంది.

తర్వాత డాక్టరు చెప్పాడు, పుస్తకాలకీ దీనికీ ఏ సంబంధమూ లేదమ్మా, పుట్టినప్పట్నుంచీ ఉన్న నరం అది, అని. నన్ను ఓదార్చడానికే చెప్పాడు.

దానికి ఇచ్చేశానని చెప్పిన పుస్తకం ఇవ్వలేదు. లైబ్రరీలో చదువుతోందని చెబుతున్న మనిషి లేదు.

జూలై 10, గురువారం

రాయలేను.

జూలై 12, శనివారం

లైబ్రరీకి వెళ్ళలేదు. ఫోన్ మోగింది, ఎత్తలేదు. మా ఆయన ఎత్తబోతే చేతిలోంచి లాక్కున్నాను.

"ఏం చెబుతావు? ఏం చెబుతావు నువ్వు వాళ్ళకి?" అన్నాను. ఆయన్ని ఎప్పుడూ ఏకవచనంలో అనలేదు నేను.

ఆయన కూర్చున్నాడు. గ్రీజు మరకల చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. తర్వాత లేచి, దుప్పట్ల పెట్టె దగ్గరికి వెళ్ళి, అడుగు దాకా చెయ్యి పెట్టి, పసుప్పచ్చ దుప్పటి తీసి నా ఒళ్ళో పెట్టాడు.

తెలుసన్నమాట.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"అది ఆసుపత్రిలో ఉన్నప్పుడే చూశాను. మనింట్లో ఉన్న పుస్తకం లైబ్రరీలో ఇచ్చేశానన్నావు. నేను పట్టుకెళ్ళి దానికి ఇచ్చుండొచ్చు. అమ్మ అబద్ధమాడిందని దానికి తెలిసిపోతుందని ఇవ్వలేదు. నీ మాట నిలబెడదామనుకున్నాను."

ఇద్దరం కలిసి దాచామన్నమాట.

"ఇవ్వనండీ. ఇదిచ్చేస్తే అది చదవడం అయిపోయినట్టే. ఇంకేం మిగలదు."

"ఎన్నాళ్ళు చదివిస్తావే దాన్ని?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. "అలసిపోయి ఉంటుంది పిల్ల."

జూలై 13, ఆదివారం

పొద్దున్నే దాని గదిలోకి వెళ్ళాం. కిటికీ తెరిచాడాయన. మంచం మీద కూర్చున్నాం, మే తర్వాత మొదటిసారి. రెండువందల పన్నెండో పేజీలో చెప్పుల షాపు రసీదు గుర్తుగా పెట్టి ఉంది.

చెరో పేజీ చదివాం, పైకి. ఆయన ఎనిమిదో క్లాసు, నాకంటే నయం. గ్రీజు అంటుతుందని గుడ్డ చేతికి చుట్టుకుని పేజీలు తిప్పాడు. నేను తడబడితే ఆగాడు. ఎవరూ నవ్వలేదు.

మొదట్నుంచి తెలీదు కాబట్టి సగం అర్థం కాలేదు. పెద్ద బంగళా, ముసలి యజమాని మెట్ల మీంచి పడి చచ్చిపోయాడు. పడ్డాడా, ఎవరైనా తోశారా. ఇంట్లో మేనకోడలు, తోటమాలి, ఒక డాక్టరు.

మేనకోడలు కాదు. తోటమాలీ కాదు, డాక్టరూ కాదు. రెండువందల నలభయ్యో పేజీలో కొత్తగా ఒకడు దిగుతాడు. అంతవరకు వాడి ఊసే లేదు, వెనక్కి తిప్పి చూశాం. వాడే చంపాడు.

"ఇదేం అన్యాయమే!" అన్నాడు మా ఆయన. నిజంగానే కోపమొచ్చింది ఆయనకి. "రెండొందల నలభై పేజీలు చదివించి, ఎవడో దారినపోయేవాణ్ణి తెచ్చి..."

"అది చదివుంటే గోడకేసి కొట్టేదండీ."

"గోడకేసి కొట్టి, మళ్ళీ తీసి మనకి మొత్తం కథ చెప్పేది."

"భోజనం చల్లారిపోయేదాకా చెప్పేది."

నవ్వాం. ఇద్దరం పడి పడి నవ్వాం ఆ మంచం మీద. నవ్వీ నవ్వీ ఆయన తల గుడ్డ చుట్టిన చేతిలో పెట్టుకున్నాడు. నేను వీపు మీద చెయ్యి వేశాను.

జూలై 16, బుధవారం

చీటీ రాస్తున్నాను. "చివర బాగోలేదు, చదవకపోయినా నష్టం లేదు" అని రాశాను. చింపేశాను. నన్ను నేను బుజ్జగించుకోవడానికి రాసింది అది.

జూలై 18, శుక్రవారం

ఐదో చీటీ ఇది. ఇంతకంటే రాయడం నాకు రాదు.

"ఈ పుస్తకం ఆలస్యమవడానికి కారణం మా అమ్మాయి కాదు, నేను. తను రెండువందల పన్నెండు పేజీలు చదివింది. తలనొప్పి అంటే పుస్తకాల వల్లేనని నేను దాచేశాను. అడిగితే ఇచ్చేశానని చెప్పాను. మే పదిహేడున మా అమ్మాయి చనిపోయింది. గొడుగు బొమ్మ పుస్తకానికీ జింక బొమ్మ పుస్తకానికీ చీటీలు రాసింది నేను, క్షమించాలి. ఇందులో చివరి అరవై పేజీలు బాగోలేదు. అయినా తను చదవాల్సింది. బాగోలేదని తిట్టాల్సింది తను, నేను కాదు. – కందిరీగ వాళ్ళమ్మ"

జూలై 19, శనివారం

పుస్తకం, చీటీ బల్ల మీద పెట్టాను. మేడమ్ కుంచెకి జిగురు తీసుకుని, అలవాటుగా ముందే నవ్వుతూ చదవడం మొదలుపెట్టింది.

నేను కిందికి చూస్తూ నిలబడ్డాను. కుంచె నుంచి జిగురు బల్ల మీద బొట్లు బొట్లుగా పడింది.

"నేను ఫోన్ చేసినప్పుడు..." అంది.

"అప్పటికి ఇరవై మూడు రోజులు."

"ఎలా ఉంది అని అడిగాను మిమ్మల్ని. నవ్వుతూ అడిగాను."

"మీకెలా తెలుస్తుందమ్మా."

కళ్ళజోడు తీసేసింది.  బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి పక్కన నిలబడ్డాను. నా చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. ఆ పిల్ల కోసం మా ఇంటి బయట ఒక మనిషి ఏడవడం నేను చూడలేదు ఇంతవరకు. చూడనివ్వలేదు.

కాసేపటికి తనే చీటీ వెనక జిగురు పూసి, అట్ట లోపల అంటించి, అరచేత్తో నెమ్మదిగా రుద్దింది, గాలిబుడగ ఒక్కటి కూడా లేకుండా.

అప్పుడే వచ్చాడు కండక్టరు. మేము మొహాలు తుడుచుకునే టైమివ్వకుండా, "వచ్చిందా! మెట్ల బొమ్మ వచ్చేసిందా!" అంటూ బల్ల మీంచి తీసేసుకున్నాడు. "అమ్మాయిగారు చదివేసిందన్నమాట. అయితే ఒంట్లో నయమే."

మేడమ్ నావైపు చూసింది. నువ్వు చెబుతావా, నేను చెప్పనా అన్నట్టు. నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను.

"ఆగండాగండి, ఏమీ చెప్పొద్దు" అన్నాడాయన, పుస్తకం వెనక అట్టని అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుని. "చీటీలో ఏం రాసిందో చివర్లోనే చూస్తాను. ముందు చూస్తే ఆ పిల్ల నన్ను బతకనివ్వదు."

సంచిలో టికెట్ల కట్టల పక్కన పెట్టుకుని వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూశాం ఇద్దరం. డిపోలోకి నడిచాడు, బస్సెక్కాడు.

"పిలవనా?" అంది మేడమ్.

"ఎంతసేపట్లో చదువుతాడమ్మా ఆయన?"

"గొడుగు బొమ్మది ఒంట్లో బాగోక ఇంట్లో పడుకుని వారంలో చదివాడు గానీ, డ్యూటీలో ఉంటే రోజుకి పది పేజీలు. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య. ఆదివారం సెలవు, పుస్తకం ముట్టుకోడు."

పిలవొద్దన్నాను.

ఇంటికొచ్చి లెక్క వేశాను. రెండువందల డెబ్బై రెండు పేజీలు. ఇరవై ఎనిమిది రోజులు, మధ్యలో ఆదివారాలు తీసేస్తే ఆగస్టు ఇరవై.

అప్పటిదాకా ఏడో నంబరు బస్సులో మా పిల్లకి ఏమీ కాలేదు.